కౌన్సిల్ అవార్డు మనకే వచ్చింది, ఇప్పుడు ‘పద్ధతి తప్పింది’ అని కోర్టుకెళ్ళారు. ఏం చేయాలి?

సెంట్రింగ్ పనులు, హన్మకొండ

అందరికీ నమస్తే. నేను పద్నాలుగేళ్ళుగా సెంట్రింగ్, స్లాబ్ కాంక్రీటు పనులు చేస్తున్నాను. 2022లో నర్సంపేట రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్ పని సబ్ కాంట్రాక్టుకు తీసుకున్నాను. మెటీరియల్, లేబర్ రెండూ నావే. మెయిన్ కాంట్రాక్టర్ పేరు ఇక్కడ రాయను. మొత్తం బిల్లులు 41 లక్షలు అయితే 17 లక్షల 40 వేలు ఆపేశారు. ఆ ఏడు సద్దుల బతుకమ్మ ముందురోజు మేస్త్రీలు ఇంటి ముందు కూర్చుంటే, మా ఆవిడ గొలుసు కుదువబెట్టి వాళ్ళకు ఇచ్చి పంపాను.

నాకు 2021 నుంచే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంది. అంటే చిన్న పరిశ్రమగా నమోదు. 2023లో సమాధాన్ పోర్టల్ ద్వారా, చిన్న పరిశ్రమల బాకీ గొడవలు తేల్చే ఎంఎస్‌ఎంఈ కౌన్సిల్‌లో కేసు పెట్టాను. కౌన్సిల్ రెండేళ్ళ దాకా తిప్పింది. చివరికి 2025 ఫిబ్రవరి 18న అవార్డు, అంటే తీర్పు ఇచ్చారు. వడ్డీతో కలిపి సుమారు 28 లక్షలు. అంతా అయిపోయింది అనుకున్నాను.

జూలైలో కోర్టు నోటీసు వచ్చింది. అవార్డు కొట్టేయమని ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద పిటిషన్ వేశారు. అందులో ‘మేం బాకీ లేము’ అని గట్టిగా ఎక్కడా లేదు. రాసిందంతా పద్ధతి గురించే. ఒకటి, రాజీ చర్చలు ఫెయిల్ అయ్యాక ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) అని వేరే నోటీసు ఇవ్వలేదట. రెండు, రాజీకి కూర్చున్న కౌన్సిలే తీర్పు చెప్పకూడదట. మూడు, నాది వర్క్స్ కాంట్రాక్ట్ (మెటీరియల్, లేబర్ కలిపి చేసే పని) కాబట్టి చిన్న పరిశ్రమల చట్టం వర్తించదట. నాలుగు, నేను చివరి వాయిదాలో ఇచ్చిన కొలతల షీటు వాళ్ళకు చూపించలేదట.

నాలుగోది చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఆ షీటు నేను చేత్తో కౌన్సిల్ ఆఫీసులో ఇచ్చిన మాట నిజమే. పని చేశాను, కొలతలు నిజం, డబ్బు నాది. అయినా ఒక కాగితం ఇచ్చిన తీరు వల్ల మొత్తం పోతుందా?

సబ్ కాంట్రాక్టర్, పెద్దపల్లి

అన్నా, భయపెట్టాలని కాదు గానీ నాకు పోయింది. నాది పైప్‌లైన్ పని, ఆర్బిట్రేషన్ క్లాజ్ ఉన్న అగ్రిమెంట్. గొడవ వస్తే ‘మా ఎండీ నియమించిన ఆర్బిట్రేటర్ దగ్గరికి రావాలి’ అని రాసి ఉంది. సరే అని వెళ్ళాను. పదకొండు నెలలు తిరిగాను. అవార్డు నాకే వచ్చింది. అప్పుడు వాళ్ళే కోర్టుకెళ్ళి, ‘మా ఎండీ ఆర్బిట్రేటర్‌ను వేయడం చెల్లదు, చట్టం ఒప్పుకోదు’ అన్నారు. ఆయన్ని వేసింది వాళ్ళే. కోర్టు ఆ అవార్డు పక్కన పెట్టేసింది. మళ్ళీ మొదటికొచ్చింది.

వకీల్, అదాలత్ సెంటర్

పెద్దపల్లి సోదరుడు చెప్పింది జరుగుతున్నదే. 2015 సవరణ తర్వాత ఆర్బిట్రేషన్ చట్టంలో 12(5) అని ఒకటి వచ్చింది. గొడవతో సంబంధం ఉన్నవాడు ఆర్బిట్రేటర్‌గా ఉండకూడదు. 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఫలితం మీద ఆసక్తి ఉన్నవాడు ఇంకొకరిని ఏకైక ఆర్బిట్రేటర్‌గా వేయడం కూడా కుదరదంది. 2024 నవంబర్ 8న ఐదుగురు జడ్జీల బెంచ్, ప్రభుత్వ సంస్థల కాంట్రాక్టుల్లో అలాంటి ఏకపక్ష నియామకం క్లాజ్ రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని చెప్పింది. వద్దనుకుంటే ఈ హక్కును వదులుకోవచ్చు. కానీ గొడవ మొదలయ్యాక, రెండు పక్షాలూ స్పష్టంగా రాసుకున్న ఒప్పందంతోనే వదులుకోవాలి. ఊరికే వాయిదాలకు హాజరైనంత మాత్రాన వదులుకున్నట్టు కాదు.

కాబట్టి ఆర్బిట్రేటర్‌ను అవతలివాళ్ళే వేస్తుంటే, మనకు నష్టం లేదనిపించినా మొదటి రోజే లేఖ రాయాలి. గెలిచేవాడికే ఆ లేఖ ఎక్కువ అవసరం.

పెద్దపల్లి తమ్ముడూ, ఒక ఊరట ఉంది. అవార్డు కొట్టేస్తే, ఆర్బిట్రేషన్ మొదలైన రోజు నుంచి కొట్టేసిన రోజు వరకు పట్టిన కాలాన్ని లిమిటేషన్, అంటే కేసు వేసే మూడేళ్ళ గడువు లెక్కలోంచి తీసేస్తారు. 43(4) చూడండి. ఆ పదకొండు నెలలు, కోర్టులో గడిచిన కాలం మీ మూడేళ్ళలోంచి పోవు. మళ్ళీ మొదలుపెట్టండి.

హన్మకొండ సోదరుడి కేసు వేరు. మీకు నాలుగు ప్రశ్నలు. అవార్డు సంతకం కాపీ వాళ్ళకు ఎప్పుడు అందింది? పిటిషన్ ఏ తారీఖున వేశారు? అవార్డు మొత్తంలో 75 శాతం కోర్టులో కట్టారా? కౌన్సిల్ ప్రొసీడింగ్స్ షీట్ల సర్టిఫైడ్ కాపీలు మీ దగ్గర ఉన్నాయా? ఇవి తెలియకుండా ఎవరు ఏం చెప్పినా ఊహే.

రిటైర్డ్ ఈఈ, కరీంనగర్

వకీల్ గారి చివరి ప్రశ్నకు నేను పది మార్కులు వేస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళు డిపార్ట్‌మెంట్‌లో చేసి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యాను. సైటులో ఎంత మంచి పని జరిగినా ఎంబీలో (కొలతల పుస్తకం) ఎక్కకపోతే బిల్లు లేదు. ఏఈ కొలత రాసి, డీఈఈ చెక్ మెజర్‌మెంట్ చేసి, సంతకం పడితేనే అది పని. కోర్టులోనూ అంతే. 2019లో 34వ సెక్షన్ మాటలు మార్చారు. అంతకు ముందు ‘రుజువు చూపాలి’ అని ఉండేది, ఇప్పుడు ‘ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ రికార్డు ఆధారంగా నిరూపించాలి’ అని ఉంది. అంటే కోర్టు మళ్ళీ సాక్షులను పిలిచి ఏం జరిగిందో అడగదు. కౌన్సిల్ ఫైలు ఏం చెబితే అదే. వాళ్ళు ‘మాకు చెప్పలేదు’ అంటే ఫైలే జవాబు చెప్పాలి. మీరు చెప్పాల్సిందీ ఫైలులోంచే చెప్పాలి.

బాబూ, నోటీసు కవర్లు, పోస్టల్ రసీదులు, ఈమెయిళ్ళు ఏవీ పారేయకు.

సెంట్రింగ్ పనులు, హన్మకొండ

సార్, వకీల్ సాబ్, అవార్డు వాళ్ళకు మార్చి 3న అందిందని వాళ్ళే పిటిషన్‌లో రాశారు. పిటిషన్ జూన్ 28న వేశారు. ఆలస్యం మన్నించమని ఇంకో పిటిషన్ జత చేశారు. డిపాజిట్ గురించి ‘సమయం కావాలి’ అని ఉంది. ప్రొసీడింగ్స్ షీట్లు నా దగ్గర లేవు. రేపే దరఖాస్తు పెడతాను.

వకీల్, అదాలత్ సెంటర్

34వ సెక్షన్ పిటిషన్‌కు గడువు మూడు నెలలు. మార్చి 3 నుంచి లెక్కేస్తే జూన్ 3. ఆ తర్వాత ఇంకో 30 రోజులు మాత్రమే కోర్టు మన్నించగలదు, అదీ సరైన కారణం చూపిస్తేనే. జూలై 3 దాటితే ఎంత మంచి కారణమున్నా కోర్టు చేతులు కట్టేసినట్టే. 2001లో పాపులర్ కన్‌స్ట్రక్షన్ కేసు నుంచి ఇది స్థిరమైన మాట. వాళ్ళు జూన్ 28న వేశారు, అంటే ఆ 30 రోజుల్లోనే ఉన్నారు. తలుపు మూసుకుపోలేదు, అయితే తట్టాలి. ఆ 25 రోజులు ఎందుకు ఆలస్యమైందో వాళ్ళే చెప్పాలి. మీరు కౌంటర్ వేయండి.

ఇక డిపాజిట్. చిన్న పరిశ్రమల చట్టం 19వ సెక్షన్ ప్రకారం, కౌన్సిల్ అవార్డును సవాలు చేసే కొనుగోలుదారు అవార్డు మొత్తంలో 75 శాతం కడితేనే కోర్టు పిటిషన్ తీసుకోవాలి. ఇది తప్పనిసరి అని 2021లో అస్కా ఎక్విప్‌మెంట్స్ కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. మీ కేసులో దాదాపు 21 లక్షలు. ఎలా కట్టాలి, ఎంత గడువులో కట్టాలి అన్నది కోర్టు నిర్ణయిస్తుంది. కేసు నడుస్తుండగానే అందులోంచి కొంత మీకు ఇప్పించే అధికారం కూడా అదే సెక్షన్‌లో ఉంది. చాలామంది అడగరు. మీరు అడగండి.

క్లాస్ వన్, జగిత్యాల

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు. నేను మెయిన్ కాంట్రాక్టర్‌ను. నా మాట కూడా వినండి.

ప్రభుత్వం దగ్గర నా బిల్లు టోకెన్ పడి ఏడాదిన్నర. సిమెంట్ కంపెనీ ఆగదు, బ్యాంకు ఆగదు. సబ్ కాంట్రాక్టర్ నేరుగా కౌన్సిల్‌కు పోతాడు, రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. బ్యాంక్ రేటు 6.75 ఉన్నప్పుడు అది 20.25 శాతం. ఆ మొత్తం మీద 75 శాతం ముందు కట్టు, తర్వాత నీ మాట వింటాం అంటే న్యాయమా?

నా కేసు చెప్తాను. ఒక సప్లయర్ నా మీద కేసు పెట్టాడు. నేను 2020లో ఆఫీసు మార్చాను. జీఎస్టీలో కొత్త అడ్రస్ ఉంది. అతను నోటీసులన్నీ పాత అడ్రస్‌కు పంపాడు. ‘డోర్ లాక్డ్’ అని మూడుసార్లు కవర్లు తిరిగి వెళ్ళాయి. నేను లేకుండానే అవార్డు. నాకు తెలిసింది ఎప్పుడో తెలుసా? ఎగ్జిక్యూషన్‌లో (అవార్డు అమలులో) నా బ్యాంకు ఖాతా అటాచ్ అయ్యాక, కూలీలకు శనివారం చెల్లింపు ఆగిపోయాక. అలాంటప్పుడు పద్ధతి తప్పింది అనడం సాకు కాదు, నిజం.

వకీల్, అదాలత్ సెంటర్

జగిత్యాల అన్నా, మీరు చెప్పింది పూర్తిగా నిజం. మీది నోటీసు అందని కేసు. ఆర్బిట్రేషన్ చట్టం 34(2)(ఎ)(iii) ఉన్నదే మీలాంటివారి కోసం. తెలిసిన చివరి చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టు పంపితే అందినట్టే అని 3వ సెక్షన్ అంటుంది, కానీ దానికి ముందు సరైన విచారణ చేసినా వేరే చిరునామా దొరకకపోవాలి. మీ జీఎస్టీ నంబర్ అతని ఇన్‌వాయిస్ మీదే ఉంటుంది, ఒక్క నిమిషంలో కొత్త అడ్రస్ తెలిసేది. పైగా గడువు లెక్క సంతకం చేసిన అవార్డు కాపీ మీకు అందిన రోజు నుంచే మొదలవుతుందని 2011లో ఆర్క్ బిల్డర్స్ కేసులో చెప్పారు. ఖాతా అటాచ్ అయ్యాక తెలిసినా మీకు దారి ఉంది.

కానీ ‘పైనుంచి డబ్బు రాలేదు కాబట్టి నేను కట్టను’ అన్నది వేరే విషయం. చిన్న పరిశ్రమల చట్టం 15వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్‌లో ఎంత రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. 24వ సెక్షన్ ఈ చట్టానికి మిగతా వాటి మీద పైచేయి ఇచ్చింది. మీ బాధ అర్థమవుతుంది. కానీ గొలుసులో చివరివాడు సెంట్రింగ్ మేస్త్రీ. ఆ ఆలస్యాన్ని మోసే శక్తి అతనికి లేదు.

కాజీపేట అమ్మాయి, లీడ్స్

నేను ఇంగ్లండ్‌లో క్వాంటిటీ సర్వేయర్‌గా పనిచేస్తున్నాను. నిట్ వరంగల్‌లో చదివాను. ఇక్కడ ఇదే గొడవకు ఒక చట్టం ఉంది, చెప్పాలనిపించింది.

1996లో చేసిన నిర్మాణ చట్టం 1998 మే 1 నుంచి అమల్లోకి వచ్చింది. నిర్మాణ కాంట్రాక్టులో గొడవ వస్తే ఏ పక్షమైనా ఎప్పుడైనా అడ్జుడికేటర్ (గొడవను త్వరగా తేల్చే తటస్థ వ్యక్తి) దగ్గరికి వెళ్ళొచ్చు. ఆయన 28 రోజుల్లో తేల్చాలి. కేసు పెట్టినవాళ్ళు ఒప్పుకుంటే ఇంకో 14 రోజులు. రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే అంతకు మించి. తేల్చింది తాత్కాలికమే. తర్వాత కోర్టుకో ఆర్బిట్రేషన్‌కో వెళ్ళి మొదటినుంచీ వాదించుకోవచ్చు. కానీ ముందు డబ్బు కట్టాలి. ఇక్కడివాళ్ళందరి నోటా ఒకటే మాట: ముందు కట్టు, తర్వాత కొట్లాడు. జగిత్యాల అన్నయ్య అడిగిన ‘పైనుంచి వస్తేనే ఇస్తా’ క్లాజులను, పైవాడు దివాళా తీసిన సందర్భం తప్ప, ఈ చట్టమే చెల్లకుండా చేసింది.

ఓడినవాళ్ళు ఇక్కడా పద్ధతి తప్పిందనే వస్తారు. కోర్టు చూసేవి ముఖ్యంగా రెండే. అడ్జుడికేటర్‌కు అసలు అధికారం ఉందా? సహజ న్యాయం పాటించాడా? లెక్క తప్పు, చట్టం అర్థం చేసుకోవడం తప్పు అయినా సరే, అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పి ఉంటే కోర్టు డబ్బు కట్టమనే అంటుంది. 1999 మాకోబ్ కేసు నుంచి దారి అదే. 2005లో కారిలియన్ కేసులో అప్పీల్ కోర్టు ఇంకా గట్టిగా చెప్పింది: ఓడినవాళ్ళు పద్ధతిలో లోపాల కోసం వెతుక్కునే బదులు డబ్బు కట్టడమే సరైన దారి.

సహజ న్యాయం విషయంలో మాత్రం ఇక్కడ రాజీ లేదు. ఒక పక్షం ఇచ్చిన కాగితం రెండో పక్షానికి చూపించకుండా దాని మీదే నిర్ణయం కడితే, ఆ నిర్ణయం నిలబడటం కష్టం. అయితే ప్రతి చిన్న పొరపాటూ లెక్కలోకి రాదు. ఆ కాగితం ఫలితాన్ని మార్చేంత ముఖ్యమైనదా అని అడుగుతారు. హన్మకొండ అన్నయ్యా, మీ కొలతల షీటు విషయంలో నేనైతే ఆ ఒక్క ప్రశ్నే అడుగుతాను: అవార్డులో ఎంత డబ్బు ఆ షీటు మీద ఆధారపడింది?

కొత్త సివిల్ ఇంజనీర్, మహబూబాబాద్

అక్కా, మన దగ్గర అలాంటి 28 రోజుల చట్టం లేదా?

రిటైర్డ్ ఈఈ, కరీంనగర్

లేదు బాబూ. నిర్మాణ బిల్లుల కోసమే అని మన దేశంలో చట్టం లేదు. విదేశీ అప్పుతో చేసే పెద్ద ప్రాజెక్టుల్లో ఫిడిక్ అనే అంతర్జాతీయ నమూనా అగ్రిమెంట్లు ఉంటాయి. వాటిలో వివాదాల బోర్డు నిర్ణయం వెంటనే అమలు చేయాలి. ఒప్పుకోనివాళ్ళు 28 రోజుల్లో అసమ్మతి నోటీసు ఇవ్వాలి, లేకపోతే అదే అంతిమం. ఆ నోటీసు ఒక్కరోజు ఆలస్యమైనా ఎంత అనర్థమో నేను సైట్ ఆఫీసులో చూశాను. చిన్న కాంట్రాక్టర్‌కు మన దగ్గర దొరికే దగ్గరి దారి ఈ కౌన్సిలే. చట్టంలో 90 రోజులని రాసి ఉంది. హన్మకొండ అతనికి రెండేళ్ళు పట్టింది.

అకౌంట్స్, నర్సంపేట

నాది కాంట్రాక్టర్ల లెక్కలు రాసే పని. హన్మకొండ అన్నా, మీ ఇన్‌వాయిస్‌ల మీద వాళ్ళు జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకున్నారా, మీ 26ఏఎస్‌లో (ఆదాయపు పన్ను స్టేట్‌మెంట్) 194సీ కింద, అంటే కాంట్రాక్టు చెల్లింపుల్లో పట్టే టీడీఎస్ పడిందా చూడండి. క్రెడిట్ తీసుకుని, టీడీఎస్ కట్టి, తర్వాత ‘బిల్లు ఒప్పుకోలేదు’ అనడం కుదరదు. కోర్టులో ఇవే వేయండి.

వకీల్, అదాలత్ సెంటర్

మంచి సాక్ష్యం. కానీ ఇప్పుడు కోర్టులో కొత్తగా వేస్తే పనికిరాదు. ఈఈ గారు చెప్పినట్టు 34వ సెక్షన్‌లో చూసేది కౌన్సిల్ రికార్డు మాత్రమే. ఆ కాగితాలు కౌన్సిల్ ముందే వేసి ఉంటే బంగారం. కౌన్సిల్‌లో కేసు ఇంకా నడుస్తున్నవాళ్ళు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, నర్సంపేట తమ్ముడి మాట ఈరోజే పాటించండి. ఒక సెట్టు అవతలివాళ్ళకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, ఆ సంతకంతో కౌన్సిల్‌లో వేయండి.

సెంట్రింగ్ పనులు, హన్మకొండ

పదకొండు రోజుల తర్వాత సర్టిఫైడ్ కాపీలు చేతికొచ్చాయి. మొత్తం 63 పేజీలు. రాత్రి భోజనం మానేసి కూర్చుని చదివాను.

27వ పేజీలో, రాజీ కుదరలేదు, ఆర్బిట్రేషన్‌కు తీసుకుంటున్నాం అని ఒక ఆర్డర్ ఉంది. కింద తారీఖు, చైర్మన్ సంతకం. 28వ పేజీ ఆర్బిట్రేషన్ నోటీసు. 29వ పేజీ ఆ నోటీసు వాళ్ళకు వెళ్ళిన ఈమెయిల్ ప్రింటు. 33 నుంచి 38 వరకు వాళ్ళ జవాబు. పైన స్పష్టంగా ‘ఆర్బిట్రేషన్‌లో ప్రతివాది జవాబు’ అని హెడ్డింగ్, ప్రతి పేజీ అడుగున వాళ్ళ మేనేజర్ సంతకం, కంపెనీ స్టాంపు. నోటీసే ఇవ్వలేదన్నవాళ్ళు ఆరు పేజీల జవాబు ఇచ్చారు!

తర్వాత నా షీటు సంగతి. 52వ పేజీ అది. నా చేతిరాతే. హెడ్ రూమ్ స్లాబ్, ప్యారపెట్ కాంక్రీటు, రెండు సన్‌షేడ్‌ల పొడవు, వెడల్పు, మందం. పైన కౌన్సిల్ ఆఫీసు ఇన్‌వార్డ్ ముద్ర. వాళ్ళకు కాపీ అందినట్టు ఎక్కడా లేదు. చివరి వాయిదాలో వాళ్ళు రాలేదు. నేను ఇచ్చేసి వచ్చాను. ఆ రోజు నాకు అది తప్పు అనిపించలేదు.

అవార్డు 9వ పేరాలో, ఎక్స్‌ట్రా ఐటమ్స్ 3 లక్షల 10 వేలు ‘క్లెయిమెంట్ దాఖలు చేసిన కొలతల ప్రకారం’ ఇస్తున్నాం అని ఉంది. మిగతా 14 లక్షల 30 వేలు, వాళ్ళ ఇంజనీర్ సంతకం చేసిన ఆర్ఏ బిల్లుల (పని నడుస్తుండగా వేసే బిల్లులు) మీద ఇచ్చారు. లీడ్స్ అక్క అడిగిన ప్రశ్నకు ఇదే జవాబు.

వకీల్, అదాలత్ సెంటర్

ఇప్పుడు మీ కేసు కళ్ళ ముందుంది. ఒక్కొక్కటి చెప్తాను.

ఆర్బిట్రేషన్ నోటీసు లేదన్న వాదనకు బలం ఎక్కడి నుంచి వచ్చిందంటే, 2021 డిసెంబర్ 15న జార్ఖండ్ ఊర్జా కేసు. అందులో కౌన్సిల్ సమన్లు పంపి, అవతలివాళ్ళు రాకపోతే నేరుగా డబ్బు కట్టమని ఆర్డర్ వేసింది. రాజీ, ఆర్బిట్రేషన్ రెండూ కలిపేయడం కుదరదు, అది అవార్డే కాదు అని సుప్రీంకోర్టు కొట్టేసింది. మీ ఫైలులో 27, 28, 29 పేజీలు, తర్వాత వాళ్ళ జవాబు ఉన్నాయి. ఆ తీర్పు మీకు వర్తించదు. ఇంకోమాట: జవాబు వేసినప్పుడు అభ్యంతరం చెప్పారా? పద్ధతి తప్పిందని తెలిసీ అప్పుడు మాట్లాడకుండా ముందుకు సాగితే, ఆ అభ్యంతరం వదులుకున్నట్టే అని ఆర్బిట్రేషన్ చట్టం 4వ సెక్షన్ అంటుంది.

రాజీకి కూర్చున్న కౌన్సిలే తీర్పు చెప్పకూడదన్నది 2022 అక్టోబర్ 31న మహాకాళి ఫుడ్స్ కేసుతో ముగిసింది. కౌన్సిలే రెండూ చేయొచ్చు. చిన్న పరిశ్రమల చట్టానిదే పైచేయి.

వర్క్స్ కాంట్రాక్ట్ విషయంలో మీకు ధైర్యం మాత్రమే చెప్పలేను, జాగ్రత్త కూడా చెప్పాలి. దీని మీద హైకోర్టులు ఒక్క మాట మీద లేవు. బొంబాయి హైకోర్టు తీర్పుల్లో వర్తించదని ఉంది. వర్తిస్తుందని చెప్పిన తీర్పులూ ఉన్నాయి. మీరు మెటీరియల్, లేబర్ విడివిడిగా బిల్లు వేశారా? వేసి ఉంటే ఆ ఇన్‌వాయిస్‌లు రికార్డులో ఏ పేజీలో ఉన్నాయో గుర్తు పెట్టుకోండి. ఈ అభ్యంతరం వాళ్ళు కౌన్సిల్ ముందు లేవనెత్తారా అన్నది కూడా ముఖ్యం. అధికార పరిధి లేదన్న వాదన జవాబు దాఖలు చేసేలోపే చెప్పాలని ఆర్బిట్రేషన్ చట్టం 16వ సెక్షన్ అంటుంది. 33 నుంచి 38 పేజీల్లో ఆ మాట ఉందా చూడండి.

మీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2021, కాంట్రాక్ట్ 2022. ఈ వరుస మీ అదృష్టం. కాంట్రాక్ట్ తర్వాత రిజిస్టర్ చేసుకున్నవాళ్ళకు సిల్పి ఇండస్ట్రీస్, మహాకాళి తీర్పులు అడ్డం. 2025 జనవరిలో ఎన్‌బీసీసీ కేసులో ఆ ప్రశ్నను ముగ్గురు జడ్జీల బెంచ్‌కు పంపారు. మీకు మాత్రం ఆ తలనొప్పి లేదు.

కొలతల షీటు విషయంలో వాళ్ళ వాదనలో న్యాయం ఉంది. దాచిపెట్టి లాభం లేదు. 2019లో సాంగ్‌యాంగ్ కేసులో, రికార్డులో లేని మార్గదర్శకాలను ఒక పక్షానికి చూపించకుండా ఆర్బిట్రేటర్లు వాడుకున్నారని సుప్రీంకోర్టు అవార్డు కొట్టేసింది. అదీ జాతీయ రహదారి కాంట్రాక్టు బిల్లుల గొడవే. మీ షీటు రికార్డులో ఉంది గానీ వాళ్ళకు చూపించలేదు, సమాధానం చెప్పే అవకాశం ఇవ్వలేదు. మీరు మంచిమనసుతోనే ఇచ్చారు, కానీ కోర్టు చూసేది మీ మనసు కాదు, వాళ్ళకు దక్కిన అవకాశం.

అయితే దానివల్ల 28 లక్షలు పోవాల్సిన పనిలేదు. 2025 ఏప్రిల్ 30న గాయత్రీ బాలసామి కేసులో ఐదుగురు జడ్జీల బెంచ్, చెల్లని భాగాన్ని చెల్లే భాగం నుంచి విడదీయగలిగితే కోర్టు విడదీయొచ్చని మెజారిటీతో చెప్పింది. మీ 9వ పేరా విడిగా ఉంది, మొత్తం విడిగా ఉంది, సాక్ష్యం విడిగా ఉంది. ఆ భాగం ఒక్కటే తీసేసి మిగతాది ఉంచమని మనమే అడగాలి. లేదా 34(4) కింద, ఆ ఒక్క లోపం సరిచేయడానికి కేసును కొంతకాలం ఆపి కౌన్సిల్‌కు అవకాశం ఇవ్వమని అడగొచ్చు. కౌన్సిల్‌లో మీకు మొదటిసారి రెండేళ్ళు పట్టింది కాబట్టి నేనైతే మొదటిదే అంటాను.

సబ్ కాంట్రాక్టర్, పెద్దపల్లి

3 లక్షల 10 వేలు వదులుకోవాలా? ఆ హెడ్ రూమ్ స్లాబ్ మీద ఈరోజు ఎవరైనా ఎక్కి నిలబడొచ్చు! పని అయితే కళ్ళకు కనబడుతోంది కదా వకీల్ సాబ్.

వకీల్, అదాలత్ సెంటర్

కనబడుతోంది తమ్ముడూ. నాకూ బాధగానే ఉంది. కానీ ఆ భాగాన్ని కాపాడబోయి, ‘ఈ పద్ధతి సరైనదే’ అని కోర్టులో మొండిగా వాదిస్తే, మిగతా 14 లక్షల 30 వేల మీద కూడా జడ్జి గారికి అనుమానం పుడుతుంది. పైగా ఆ భాగం కొట్టేసినా క్లెయిమ్ చచ్చిపోదు. ఇందాక మీకు చెప్పిన 43(4) అతనికీ ఉంది.

క్లాస్ వన్, జగిత్యాల

వకీల్ గారు సరిగ్గా చెప్పారు. నేను అవతలి పక్షంలో ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నా, మేం కోర్టుకు వెళ్ళేటప్పుడు మా లాయర్ మొదట వెతికేది ఇలాంటి ఒక్క చిరుగునే. అది ముందే ఒప్పుకుని పక్కన పెట్టేస్తే మాకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. నా అడ్రస్ విషయం లాగా నిజంగా అన్యాయం జరిగినవాళ్ళను కోర్టు ఓపికగా వినాలంటే, మిగతావాళ్ళు ప్రతిదానికీ ఇదే పాట పాడకూడదు.

ఇంకో సందేహం. 75 శాతం కట్టకుండా హైకోర్టులో రిట్ వేయొచ్చని ఒకాయన అన్నాడు.

వకీల్, అదాలత్ సెంటర్

2023 నవంబర్ 6న ఇండియా గ్లైకాల్స్ కేసులో సుప్రీంకోర్టు అది కుదరదంది. అది మన తెలంగాణ కేసే. మేడ్చల్ మల్కాజ్‌గిరి కౌన్సిల్ అవార్డు మీద సింగిల్ జడ్జి రిట్ అనుమతించారు, డివిజన్ బెంచ్ తిప్పికొట్టింది, సుప్రీంకోర్టు డివిజన్ బెంచ్‌నే సమర్థించింది. డిపాజిట్ తప్పించుకోవడానికి రిట్ దారి కాదన్నారు. 2025 జనవరిలో తమిళనాడు సిమెంట్స్ కేసులో, రిట్ అసలు ఎప్పుడూ కుదరదా అన్న ప్రశ్నను ఐదుగురు జడ్జీల బెంచ్‌కు పంపారు. ఆ అవకాశం మీద నమ్మకం పెట్టుకుని 34వ సెక్షన్ గడువు మాత్రం పోగొట్టుకోకండి. నాలుగు నెలలు దాటాక తిరిగొస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

కాజీపేట అమ్మాయి, లీడ్స్

హన్మకొండ అన్నయ్యా, ఇక్కడ మేం చేసే ఒక పని చెప్తాను. కేసులో ఏ కాగితం పంపినా, అదే ఈమెయిల్‌లో అవతలి పక్షాన్ని కూడా పెడతాం. అడ్జుడికేటర్‌కు ఒక్కరికే ఫోన్ కూడా చేయం. ఒకవేళ ఆయనే ఫోన్ చేస్తే, ఏం మాట్లాడామో రాసి ఇద్దరికీ పంపమని అడుగుతాం. మొదట్లో ఇంత చాదస్తం ఎందుకు అనిపించింది. గెలిచిన నిర్ణయం ఒకటి ఈ ఒక్క కారణంతో పోవడం చూశాక అర్థమైంది.

సెంట్రింగ్ పనులు, హన్మకొండ

అందరికీ ఆలస్యంగా సమాధానం ఇస్తున్నాను, మన్నించండి. నిన్న వాయిదా అయింది. జడ్జి గారు మొదట అడిగింది డిపాజిట్ గురించే. వాళ్ళ లాయర్ సమయం అడిగితే ఆరు వారాలు ఇచ్చారు. ఆలస్యం పిటిషన్‌కు మేం కౌంటర్ వేశాం. 33 నుంచి 38 పేజీల్లో వర్క్స్ కాంట్రాక్ట్ అభ్యంతరం ఒక్క లైను కూడా లేదు, అది కౌంటర్‌లో పేజీ నంబర్‌తో సహా రాయించాను. డబ్బు జమ అయ్యాక కొంత మాకు ఇప్పించమని అడగడానికి పిటిషన్ రెడీగా ఉంది.

9వ పేరా గురించి మెమో వేశాం. ఆ 3 లక్షల 10 వేలు విడదీయమని, మిగతాది ఉంచమని. మెమో మీద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఆగింది. ఆ హెడ్ రూమ్ స్లాబ్ వేసిన రోజు వాన. టార్పాలిన్ కప్పి రాత్రి రెండు దాకా ఉన్నాం. అయినా పెట్టాను.

రేపు పరకాల దగ్గర కొత్త సైటులో స్లాబ్ విప్పుతున్నాం. కొలతల షీటు మూడు కాపీలు తీసుకెళ్తున్నాను. వాళ్ళ ఇంజనీర్ సంతకం పెట్టి, ఒకటి తన దగ్గర ఉంచుకున్నాకే మేస్త్రీలు మొదటి జాకీ తీస్తారు.